డోర్సీ వంతు

ఆ గురువారం పొద్దున గార్లండ్ మస్సర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నేహితుడు డోర్సీని పూడ్చే చోట ఒక పాట ఎత్తుకోవాలి, ఒక్క చుట్టు వాయించాలి, డోర్సీ వంతు డోర్సీకి ఇవ్వాలి, కాలెత్తాలి, ఇంటికి రావాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. మా కాపర్ లిక్ ఊరి జనాన్ని ఎరగనివాళ్లు అనుకుంటారు.

"వంతేమిటయ్యా? ఆయన పెట్టెలో ఉంటాడు కదా," అంది ఆయన భార్య ఇమోజీన్, పెనం మీద పంది మాంసం ముక్కలు తిరగేస్తూ.

"వాడి వంతు వచ్చినప్పుడు ఎవరమూ వాయించం. వెనక తాళం మాత్రం నడుస్తుంది. అంతే."

"ఆ సంగతి మిగతావాళ్లకి చెప్పావా?"

"చెబితే ఎందుకని అడుగుతారు. రోండాకి తెలిసిపోతుంది. వాళ్ల నాన్న ఆఖరి వంతు నేను మింగేశానని ఆ పిల్లకి తెలియాలా? నువ్వూ నోరు విప్పకు. ఒట్టెయ్యి."

ఇమోజీన్ ఒట్టేసింది. అది మొదటి తప్పు.

మింగిన సంగతి ఇదీ. శుక్రవారం సాయంత్రం ఫైరింజన్ని బయట నిలబెట్టి, ఆ షెడ్డులో బ్లూగ్రాస్ అనే కొండపాటలు వాయించేవాళ్లందరూ గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చోవడం మా ఊరి అలవాటు. పాట ఎత్తుకున్నవాడిదే పెత్తనం. ఫిడేలు, మాండలిన్, గిటార్, బాంజో, ఇలా వరసగా ఒక్కొక్కరికీ ఒక వంతు వస్తుంది. వంతు ఖాళీగా పోనివ్వడం మహా అమర్యాద. ఒకడు తడబడితే పక్కవాడు అందుకోవాలి. ఎత్తుకున్నవాడు కాలు పైకెత్తితే అందరూ ఆపాలి. నోటితో ఆపమంటే చెల్లదు. కాలే చెల్లుతుంది.

గార్లండ్‌ది ఫిడేలు, డోర్సీ ఏకర్స్‌ది డప్పులా తోలు బిగించిన బాంజో. నలభై ఏళ్లుగా పక్కపక్క కుర్చీలు, నలభై ఏళ్లుగా ఒకటే గొడవ. డోర్సీ తాళం కంటే ముందు పరిగెడతాడని గార్లండ్ అనేవాడు. గార్లండ్ ఈడుస్తాడని డోర్సీ అనేవాడు. పోయిన శుక్రవారం డోర్సీ అందరి ముందూ, "ఒరేయ్, నీతో వాయించడమంటే రోడ్డు మీద ట్రాక్టరు వెనక ఇరుక్కున్నట్టేరా," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. గార్లండ్‌కి ఒళ్లు మండిపోయింది. ఆఖరి పాటలో గిటార్ వంతు అయిపోయి, డోర్సీ తీగల మీద వేళ్లు పెట్టుకుని సిద్ధంగా ఉన్న సమయానికి, సరిగ్గా అప్పుడు, కాలెత్తేశాడు.

పాట ఆగింది. షెడ్డు మూసే వేళయింది కాబోలని అందరూ అనుకున్నారు. డోర్సీ ఒక్కడే అలా అనుకోలేదు. బాంజో పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆదివారం పెరట్లో కట్టెలు కొడుతూ పడిపోయాడు, మళ్లీ లేవలేదు.

ఆ కబురు మోసుకొచ్చిన ఫోను మోగుతూంటే, తియ్యడానికి పరిగెత్తిన గార్లండ్ వసారా మెట్టు తప్పి మోకాలు పాడుచేసుకున్నాడు. ఎడమకాలు వంగకుండా తొడ నుంచి మడమ దాకా ఇనప పట్టీలు బిగించారు. అప్పటినుంచి ఇల్లు కదల్లేదు కాబట్టి ఆ పట్టీల సంగతి వాయిద్యాలవాళ్లెవరికీ తెలియదు.

చర్చి వెనక సమాధుల స్థలం కొండవాలులో ఉంటుంది. పొద్దుటి గాలికి డేరా చిరిగిపోతే మడిచి పక్కన పడేశారు. మేఘాలు కిందికి దిగి చర్చి కప్పు మీద కూర్చున్నాయి. గోతికి అడ్డంగా బిగించిన గుడ్డ పట్టీల మీద పెట్టె, పెట్టె మీద డోర్సీ బాంజో. పెట్టెను గోతిలోకి దింపే మర దగ్గర లానీ అనే కుర్రాడు నిలబడి ఉన్నాడు. వాడికి ఈ పని కొత్త.

"పాట ఆగగానే బాంజో నేను తీసుకుంటాను, నువ్వు దింపెయ్యి," అని రోండా లానీకి చెప్పింది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్లు వాచిపోయాయి. "నాన్న కోరిక అదే. గార్లండ్ బాబాయే ఎత్తుకోవాలన్నాడు, ఆయన కాలెత్తితేనే ఆపాలన్నాడు."

ఆ మాట విని గార్లండ్ ఫిడేలు కమాను బిగించుకున్నాడు. మడత కుర్చీలో కూర్చుని ఫిడేలు గడ్డం కింద పెట్టుకున్నాడు. కుర్చీ ఎగువన ఉంది, నేల దిగువకి వాలిపోతోంది. వంగని ఎడమకాలు తిన్నగా ముందుకు సాగి, జానెడు ఎత్తున గాలిలో నిలబడింది. గార్లండ్ కళ్లు మూసుకున్నాడు కనక అది చూసుకోలేదు. పాట ఎత్తుకున్నాడు.

మిగతావాళ్లు చూశారు. ఎత్తుకోవడమే కాలెత్తి ఎత్తుకున్నాడు. ఇదేం చోద్యమని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిలువెత్తు బేస్ తీగలు మీటే వెస్టా, దుఃఖంలో ఎక్కువసేపు వాయించలేడు పాపం అనుకుంది. కారణం ఏదైనా కాలెత్తితే ఎత్తినట్టే. గార్లండ్ వంతు పూర్తి కాగానే అందరూ ఒక్కసారిగా ఆపేశారు.

ఆగింది కదా అని లానీ మీట నొక్కేశాడు.

పెట్టె దడాలున రెండడుగులు కిందికి పోయింది. రోండా కెవ్వుమంది. లానీ కంగారుపడి మీట వెనక్కి లాగితే ఒకవైపు పట్టీ బిగుసుకుపోయింది, రెండో వైపు జారింది. డోర్సీ తల ఎగువకి, కాళ్లు దిగువకి అయ్యి, పెట్టె ఓరగా వేలాడింది. బాంజో జరజరా జారి పెట్టె కాళ్లవైపు పట్టీకి తట్టుకుని ఆగింది.

"ఎవరూ ముట్టుకోకండి!" అని అరిచాడు లానీ. "ముట్టుకుంటే మొత్తం పోతుంది!"

గార్లండ్ కళ్లు తెరిచాడు. తన కాలు చూసుకున్నాడు. మళ్లీ అదే తప్పు చేశాడు. బతికుండగా ఒకసారి మింగాడు, చచ్చాక ఇంకోసారి మింగాడు.

"ఇమోజీన్," అన్నాడు మెల్లగా, "వాడి వంతు రాకుండానే..."

"తెలుసయ్యా. నోరుమూసుకుని మళ్లీ ఎత్తుకో."

పాస్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "గార్లండ్ గారూ, లానీ ఆ పట్టీ సరిచేసేదాకా వాయిస్తూ ఉండండి. జనం అటు చూడకుండా ఉంటారు. దేవుడు మీకు మేలు చేస్తాడు."

గోతి చుట్టూ పరిచిన ఆకుపచ్చ తివాచీ ముక్క ఒకటి తెచ్చి పట్టీల కాలి మీద కప్పారు. వెస్టా అందరికీ వినపడేలా, "ఆ కాలు లెక్కలోకి రాదు. కుడికాలు చూడండి," అని చాటింపు వేసింది. గార్లండ్ మళ్లీ ఎత్తుకున్నాడు. వాన కూడా అప్పుడే ఎత్తుకుంది.

మా వాళ్లు వాయిద్యాన్ని వానలో పెట్టడం కంటే పసిబిడ్డని పెట్టడం నయమనుకునే రకం. అయినా ఎవరూ కదల్లేదు. చర్చి ఆడవాళ్లు గొడుగులు తెచ్చి మనుషుల్ని వదిలేసి వాయిద్యాలకి పట్టారు. ఫిడేలు వంతు అయింది. మాండలిన్ వంతు అయింది. గిటార్ వంతు అయింది. ఇక డోర్సీది. గార్లండ్ కమాను దించి ఊపిరి బిగపట్టాడు.

అంతలో వెనకనుంచి బాంజో ఘల్లుమంది.

పక్క కౌంటీ నుంచి వచ్చిన స్కీటర్ రాట్లిఫ్. గ్యాసు లారీ తోలుతాడు, డోర్సీ అంటే ప్రాణం. వంతు ఖాళీగా పోతోందని గమనించాడు. పెద్దాయన అంత్యక్రియల్లో అలాంటి అప్రతిష్ఠ జరగనిస్తాడా? అందుకున్నాడు. చక్కగా వాయించాడు కూడా.

రెండో చుట్టులో ఆ వంతు వచ్చేసరికి గార్లండ్ వాడివైపు గుడ్లురిమి చూశాడు. తన వాయింపు చాల్లేదని స్కీటర్‌కి అర్థమైంది. ఈసారి ప్రాణం పెట్టి వాయించాడు. వెనక వరసలో ఎవరో, "డోర్సీ చల్లారకముందే వీడు కుర్చీలో రుమాలు వేస్తున్నాడు చూడు," అని గొణిగారు. మూడో చుట్టులో గార్లండ్ వద్దు వద్దని తల అడ్డంగా ఆడించాడు. స్కీటర్ సిగ్గుపడి ఆగిపోయాడు. వాడు ఆగితే వంతు ఖాళీ కదా, మాండలిన్ ఆయన అందుకున్నాడు. నాలుగో చుట్టులో ఇద్దరూ అందుకున్నారు.

గడ్డం కింద ఫిడేలు ఉన్నవాడు మాట్లాడలేడు. మాట్లాడగలిగినా గార్లండ్ మాట్లాడడు, రోండా అక్కడే ఉంది. పెట్టె వైపు గడ్డం ఊపి చూపించాడు, వంతు ఎవరిదో ఇప్పటికైనా తెలుస్తుందేమోనని. తెలిసింది లానీకి. పట్టీ అప్పుడే సరిచేసి నిలబడ్డాడు, దింపమంటున్నాడనుకుని మీట మీద చెయ్యి వేశాడు.

"పాట ఆగిందా?" అని రోండా వాడి మీద విరుచుకుపడింది. "కాలెత్తాడా? చెయ్యి తియ్యి!"

"బాంజో తడిసిపోతోందండీ, అదైనా తీద్దాం..."

"పాట మధ్యలో బాంజో తీస్తే మా నాన్న ఊరుకోడు."

చుట్లు సాగుతూనే ఉన్నాయి. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కింద చర్చిలో భోజనాలకి వండిన బంగాళాదుంపల కూర చల్లారిపోయింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. దుఃఖంతో మతి చలించిందని కొందరు, కాలు బురదలో ఇరుక్కుందని కొందరు. ఆ రెండో మాట ఫైర్ స్టేషన్ వాళ్ల చెవిన పడింది. ఆపదలో ఉన్నవాణ్ణి చూస్తూ ఊరుకోవడం వాళ్ల చేత కాదు. ఇద్దరు పార తెచ్చి గార్లండ్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"భయపడకు గార్లండ్, మేం ఉన్నాం," అని ఒకడు కుడికాలి బూటు పట్టుకుని లాగాడు.

బూటు ఇరుక్కోలేదు. కానీ కాలు లేస్తే పాట ఆగుతుంది, పాట ఆగితే పెట్టె దిగుతుంది. గార్లండ్ ఒంట్లో ఉన్న బలమంతా మడమలోకి తెచ్చి కిందికి తొక్కాడు. వాళ్లు లాగినకొద్దీ తొక్కాడు. బూటు మడమ దాకా దిగింది, ఆపైన పిక్క దాకా దిగింది.

"అమ్మో, లోపలికి పోతున్నాడు!" అన్నాడు రెండోవాడు.

ఇమోజీన్ భర్త మొహం చూసింది. ఆ చెంపల మీద ఉన్నది వాన ఒక్కటే కాదు. ఇంకో రెండు చుట్లకి ఈయన్ని కూడా ఇక్కడే పూడ్చాలి అనుకుంది. ఒట్టు గట్టు మీద పెట్టింది.

"అది డోర్సీ వంతు!" అని కొండ దద్దరిల్లేలా అరిచింది. "స్కీటర్, బాంజో కింద పెట్టు! ఎవరూ ముట్టుకోకండి! పోయిన శుక్రవారం ఈయన కావాలని కాలెత్తి ఆయన వంతు మింగేశాడు. అది తిరిగి ఇవ్వాలని చస్తున్నాడు. ఇవ్వనివ్వండి!"

పాట ఆగలేదు, కాలు లేవలేదు కదా. కానీ గార్లండ్ తల వంచేశాడు. రోండా వైపు చూడలేకపోయాడు.

రోండా బురదలో నడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది. "నాకు తెలుసు బాబాయ్," అంది. "శుక్రవారం రాత్రి ఇంటికి రాగానే చెప్పాడు. 'గార్లండ్ గాడు నా వంతు మింగాడే. వచ్చే శుక్రవారం వాడి దగ్గర రెండు వంతులు లాక్కుంటాను చూడు,' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

ఫిడేలు వంతు మళ్లీ వచ్చింది. గార్లండ్ వాయించాడు. మాండలిన్, గిటార్ వాయించాయి. ఆ తర్వాత అందరూ వేళ్లు వెనక్కి తీసుకున్నారు. వెస్టా బేస్, సన్నగా గిటార్ తాళం, అంతే మిగిలాయి.

ఓరగా పడి ఉన్న బాంజో తోలు మీద వాన టపటపా కొడుతోంది. ఇంతసేపూ కొడుతూనే ఉంది, ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు వినపడింది. ఫైర్ స్టేషన్ వాళ్లు పార కింద పెట్టి టోపీలు తీశారు. స్కీటర్ మొహం అటు తిప్పుకుని భోరుమన్నాడు.

వంతు అయిపోయింది.

"ఇంకోటి బాబాయ్," అంది రోండా. "రెండన్నాడు."

రెండోదీ ఇచ్చారు. వాన జోరెక్కింది. ఆ చివర గార్లండ్ గట్టిగా ఊపిరి పీల్చి కాలెత్తబోయాడు. రాలేదు. ఇంతసేపూ తొక్కిన పుణ్యం, బూటు నిజంగానే ఇరుక్కుపోయింది. పాట ఆపే దారి లేక అందరూ మళ్లీ మొదటి వంతులోకి వెళ్లిపోయారు.

"ఎత్తవయ్యా!" అంది ఇమోజీన్.

"రావట్లేదే!"

ఆమె వెనకనుంచి ఆయన నడుం కావలించుకుని లాగింది, పాస్టరు మోకాలు పట్టుకున్నాడు, పారవాళ్లు పిక్క పట్టుకున్నారు. బూటు రాలేదు. కాలు వచ్చింది. వచ్చిన ఊపుకి కుర్చీ వెనక్కి తిరగబడి, గార్లండ్ మస్సర్ ఫిడేలు రెండు చేతులతో గుండెకి అదుముకుని వెల్లకిలా పడ్డాడు. పట్టీల కాలూ, తడి మేజోడు కాలూ రెండూ ఆకాశంలోకి లేచాయి. మా ఊళ్లో ఏ పాటా అంత స్పష్టంగా ముగియలేదు.

రోండా బాంజో తీసుకుంది. లానీ మీట నొక్కాడు. పెట్టె ఈసారి నెమ్మదిగా, తిన్నగా దిగింది.

ఇంటికి వెళ్లేటప్పుడు ట్రక్కు ఇమోజీన్ తోలింది. గార్లండ్ మేజోడు పాదం హీటరు దగ్గర పెట్టుకుని అద్దంలోంచి కొండల్ని చూస్తూ కూర్చున్నాడు. ట్రక్కు వంతెన దాటింది.

"డోర్సీ ఎలా వాయించాడంటావు?" అని అడిగింది ఆమె.

గార్లండ్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎప్పట్లాగే," అన్నాడు. "తొందరపడ్డాడు."