జగ్గారావు గారి యాభై ఏళ్ళ డేటాబేసు

రాబోయే యాభై ఏళ్ళకి సరిపోయే డేటాబేసును ఈ ప్రాంతానికి ప్రసాదించబోతున్నానని మా మండలాధ్యక్షులు జగ్గారావు గారు 2004 వేసవిలో ప్రకటించారు. గోదావరికి వరదొస్తే నది మధ్య ఏ లంకలో ఎవరున్నారు, నడవలేనివారెవరు, చూపులేనివారెవరు అన్నది కంప్యూటర్ క్షణంలో చెప్పేస్తుందట. విలేకరిగా ఆ వార్త రాసే భాగ్యం నాకే దక్కింది.

లంకలో ఇంటింటికీ తిరిగి వివరాలు తెచ్చింది అంగన్‌వాడీ టీచర్ సలోమి. వాటిని ఎక్కించవలసింది అమలాపురంలో కంప్యూటర్లు నేర్పే రాజ్ కుమార్. అయితే ఏ కంపెనీ డేటాబేసులో, అంటే ఏ ప్లాట్‌ఫాం మీద ఎక్కించాలి? అది తేల్చడానికి కమిటీ వేశారు.

"ఉచితంగా దొరికే డేటాబేసు ఒకటుందండి. మన పనికి చాలండి," అన్నాడు రాజ్ కుమార్ మొదటి సమావేశంలో.

"ఊరికే వచ్చేదానికి ప్రారంభోత్సవం ఏం బాగుంటుందయ్యా?" అన్నారు అధ్యక్షులు.

"పోనీ కొనేద్దామండి. రేపు నచ్చకపోతే డేటా అంతా ఇంకోదాన్లోకి మార్చేసి మైగ్రేషన్ చేసుకోవచ్చండి."

"మైగ్రేషనా! మన జనం ఎలాగూ గల్ఫ్ వెళ్ళిపోతన్నారు. ఇప్పుడు డేటా కూడానా? వద్దు."

అంతటి దూరదృష్టిని నేను హెడ్డింగులోనే పెట్టాను.

కమిటీ బెంగళూరు వెళ్ళి రెండు కంపెనీలను పరిశీలించింది. ఒకదాని భవనం పునాదులు చాలా గట్టివని తేల్చింది. రెండోదాంట్లో భోజనం బాగుంది. నిర్ణయం కష్టమైంది. మరుసటి ఏడు సింగపూర్ కూడా వెళ్ళొచ్చారు.

సలోమి మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. "లంక చివర యాకోబు తాతగారికి చూపు లేదండి. ఒంటిగా ఉంటారండి. అలాంటోళ్ళ పేర్లయినా ముందు ఎక్కించండి."

"తొందరపడి తప్పు ప్లాట్‌ఫాం ఎక్కేస్తామా అమ్మా? రైలుకైనా అలా వెళ్తామా?" అనేవారు అధ్యక్షులు.

కొన్న కంప్యూటర్లు అట్టపెట్టెల్లోనే లంక బడిలో ఉండిపోయాయి. మూడో ఏడు శ్రావణంలో గోదావరి గట్టు అంచుదాకా లేచింది. దగ్గర్లో ఉన్నది ఒకటే మోటారు పడవ.

"ముందు కంప్యూటర్లు ఎక్కించండి," అని జగ్గారావు గారు గట్టు మీంచి ఫోన్లో ఆదేశించారు. "జనానికి ఈతొచ్చు. వాటికి రాదు."

సలోమి అందరినీ బడి మేడెక్కించి, ఆయనకే ఫోన్ చేసింది. "యాకోబు తాతగారు ఇంట్లోనే ఉండిపోయేరండీ!"

"యాకోబు ఎవరమ్మా? మన దగ్గర అలాంటి సమాచారం ఏమీ లేదే!"

పడవ మళ్ళీ వెళ్ళేసరికి ఆ ఇల్లు లేదు. నీళ్ళు తగ్గాక యాకోబు గారు కొబ్బరితోటలో దొరికారు. సలోమి వాళ్ళే సమాధి చేశారు.

కంప్యూటర్ల మీద చుక్క పడలేదు. డేటాను కాపాడినందుకు జగ్గారావు గారికి సన్మానం జరిగింది. డేటాబేసు ఎంపిక పూర్తయిందని ఆయన ఆ సభలోనే ప్రకటించి, మొదటి పేరు చెప్పే గౌరవం సలోమికిచ్చారు.

"యాకోబండి," అందామె.

రాజ్ కుమార్ ఆ పేరు టైపు కొట్టాడు. "చిరునామా అండి?"

"సమాధుల తోటండి."

రాజ్ కుమార్ తలెత్తి అధ్యక్షుల వైపు చూశాడు. ఆయన కెమెరా వైపు నవ్వుతున్నారు.

"ఆయ్, కానియ్యి బాబూ. ఫొటో తీస్తన్నారు."

కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. అందరం చప్పట్లు కొట్టాం.