ఒక్క బుగ్గ, ముప్పై ఏడుగురు దాతలు

ఒకే కార్యాలయంలో పనిచేసే ముప్పై ఏడుగురికి, అందులో ఆడవాళ్లూ మగవాళ్లూ ఉండగా, మూలకణాలు అచ్చు గుద్దినట్టు ఒకటేనని ప్రయోగశాలలో రుజువైంది. వైద్యశాస్త్రం పుట్టాక ఇలాంటిది జరగలేదు. నీటి పన్నుల కార్యాలయంలో మాత్రం ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. హాజరు పట్టీలో ఆ ముప్పై ఏడుగురి సంతకాలూ పదకొండేళ్లుగా ఒకే చేతి నుంచి వస్తున్నాయి. చెయ్యి కలిసినవాళ్లకు రక్తం కలవడంలో వింతేముంది?

ఆ చెయ్యి అటెండరుది. అతను కాంట్రాక్టు మనిషి. టీ తేవడం, ఫైళ్లు మొయ్యడం, ఆలస్యంగా వచ్చేవాళ్ల తరఫున వేళకు సంతకాలు పెట్టడం అతని విధులు. మొదటి రెండూ కాగితం మీద ఉన్నాయి, మూడోది వాడుకలో ఉంది. సీనియర్ అసిస్టెంటు సంతకం చివరి తోకతో సహా దించేస్తాడు. పదకొండేళ్లలో ఒక్క ఆడిట్‌కూ దొరకలేదు. ఆ సంగతిలో అతనికి కాస్త గర్వం కూడా ఉండేది.

ఇదిలా ఉండగా డిస్పాచ్ సెక్షన్‌లో ఒక కష్టం వచ్చింది. ఆ సెక్షన్ గుమాస్తా ఆవిడను అందరూ డిస్పాచ్ అక్క అంటారు. ఆవిడ తొమ్మిదేళ్ల కూతురికి ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు చేసింది. సరిపోయే మనిషి ఎవరైనా మూలకణాలు ఇస్తే బతుకుతుంది, లేకపోతే లేదు. తల్లివీ తండ్రివీ సరిపోలేదు. దాతల నమోదు సంస్థవాళ్లు జాబితా అంతా గాలించినా ఒక్కరూ తగల్లేదు. తెలిసినవాళ్లందరి చేతా పేర్లు రాయించమని, అదృష్టం ఉంటే దొరుకుతారని చెప్పారు. అక్క ఆ మాటనే అర్జీగా రాసి, ఇన్‌వర్డ్ నంబరు తనే వేసుకుని, పెద్ద ఆఫీసరుకు పెట్టుకుంది.

పెద్ద ఆఫీసరుగారిది వెన్నలాంటి మనసు. అర్జీ చదివిన పదహారు రోజులకే కరిగింది. సర్క్యులర్ వెలువడింది: "సిబ్బంది యావన్మందీ పన్నెండో తేదీన స్వచ్ఛందంగా దాతలుగా నమోదు కావలెను. స్వచ్ఛందంగా ముందుకు రానివారిపై శాఖాపరమైన చర్య తీసుకోబడును."

సంస్థవాళ్లు యాభై రెండు కవర్లు పంపారు. ఒక్కో కవర్లో రెండు దూదిపుల్లలు, ఒక ఫారం. పుల్లతో బుగ్గ లోపల అర నిమిషం రుద్ది, కవర్లో పెట్టి, సంతకం చేస్తే సరి. సూది లేదు, నొప్పి లేదు. ఇంత సులువైన పని గనకనే దానికి ముందు గంటా పది నిమిషాల సభ ఏర్పాటైంది.

"ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనుంటుంది," అన్నారు పెద్ద ఆఫీసరు. "మన కార్యాలయం ఇంతవరకూ ప్రజల దగ్గర పుచ్చుకోవడమే ఎరుగును. నేటి నుంచి ఇవ్వడం కూడా ప్రారంభిస్తున్నది. అయితే పుచ్చుకోవడం యథావిధిగా కొనసాగును."

తర్వాత అందరూ దూదిపుల్లలు బుగ్గల దగ్గర పెట్టుకుని ఫొటో దిగారు. పుల్లల మీది తొడుగులు తియ్యలేదు. తీస్తే దుమ్ము పడుతుందని శుభ్రత తెలిసినవాళ్లు చెప్పారు. ఫొటో అయ్యాక దానం కూడా అయినట్టే అనిపించి, చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు.

నాలుగింటికి హెడ్ గుమాస్తా లెక్క చూస్తే పదిహేను కవర్లే నిండాయి. అయిదింటికి పార్సిల్ మనిషి వస్తాడు. హెడ్ గుమాస్తా తలపట్టుకోలేదు. అలాంటి సందర్భాలకు ఆయనకొక అలవాటు ఉంది.

"ఏమయ్యా, ఈ ముప్పై ఏడూ కాస్త చూడు," అన్నాడు అటెండరుతో.

"సంతకాలేనా సార్? పుల్లలు కూడానా?"

"సంతకం పెట్టి పుల్ల వదిలేస్తే ఎలాగయ్యా? పని పద్ధతిగా ఉండాలి."

"మరి నా పేరుకి కవరు లేదండీ."

"నీకెందుకయ్యా కవరు? నువ్వేమన్నా సిబ్బందివా?"

న్యాయమైన మాటే గనక అటెండరు కూర్చుని రుద్దడం మొదలుపెట్టాడు. డెబ్బై నాలుగు పుల్లలు. ఎడమ బుగ్గ మండితే కుడి బుగ్గకు మారాడు. ఆడవాళ్ల కవర్లు వచ్చినప్పుడు కాస్త మెల్లిగా రుద్దాడు. ఆ సాయంత్రం వాచిన మొహం చూసి భార్య ఎవరు కొట్టారని కంగారుపడింది. "ఎవరూ కొట్టలేదే. ఆఫీసులో పని ఎక్కువైంది," అన్నాడు. నిజమే చెప్పాడు.

రెండు నెలలకు సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ముందు పేజీలో మూడు వాక్యాలున్నాయి. మొదటిది: మీ కార్యాలయం నుంచి వచ్చిన ముప్పై ఏడు నమూనాలు పాపకు సరిపోయాయి. రెండోది: ఆ ముప్పై ఏడూ ఒకే మనిషివి. మూడోది: ఆ మనిషి ఎవరో వెంటనే తెలపండి, పాపకు మూడు వారాలకు మించి వ్యవధి లేదు.

పెద్ద ఆఫీసరు మొదటి వాక్యాన్ని పత్రికలకు ఇచ్చారు. మిగతా రెండింటినీ పరిశీలనకు ఒక కమిటీకి ఇచ్చారు. కమిటీలో ముగ్గురు సభ్యులు. ముగ్గురూ ఆ ముప్పై ఏడుగురిలోని వారే.

"ఆ ఒక్కణ్ణీ నేనే. మిగతావాళ్లు నా పుల్లలు వాడుకుని ఉంటారు," అన్నాడు మొదటి సభ్యుడు. రెండో సభ్యుడు బల్ల గుద్ది అది తన బుగ్గేనన్నాడు. మూడో సభ్యురాలు, ముప్పై ఏడుగురికీ పంచగలిగేంత ఓర్పు ఆడదానికే ఉంటుందని వాదించింది. ఆ తర్వాత హెడ్ గుమాస్తా ఉత్తరం వెనక పేజీ చదివాడు. దాత అయిదు రోజులు రోజూ ఇంజెక్షన్ చేయించుకోవాలి, ఆపైన ఒక పూట యంత్రం పక్కన పడుకోవాలి. వెంటనే సభలో మర్యాద నెలకొంది. "తమరు నాకన్నా సీనియర్లు, తమరే కావచ్చు," అన్నాడు మొదటి సభ్యుడు. రెండో సభ్యుడు ఆడవాళ్లకే అవకాశం ఇద్దామన్నాడు. సమావేశం వాయిదా పడింది.

అక్కడే టీలు అందిస్తూ అటెండరు అంతా విన్నాడు. నోరు విప్పితే పదకొండేళ్ల సంతకాలూ బయటపడతాయి. ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెట్టచ్చు. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఆ రెండు రోజులూ డిస్పాచ్ అక్క బల్ల బల్లకూ వెళ్లి అడుగుతూనే ఉంది.

"సార్, ఆ పుల్ల నిజంగా మీదేనా? ఎవరికీ చెప్పను సార్, పాప మీదొట్టు."

"నాదేనమ్మా, అనుమానమా? కాకపోతే నాకు బీపీ."

మూడో రోజు పొద్దున ఆవిడ టపాల మీద ముద్ర వేస్తూ, వేస్తూ, ఖాళీ బల్ల మీద కూడా వేసేసింది. ముద్ర బల్లకు అంటుకున్నదని కూడా గమనించలేదు. అది చూసి అటెండరుకు తన మీద తనకే అసహ్యం వేసింది. టీ గ్లాసు ఆవిడ ముందు పెట్టాడు.

"అక్కా, ఆ ముప్పై ఏడూ నేనే."

ఆవిడ కళ్లెత్తింది. "ఏం తమ్ముడూ, నువ్వూ అదే మాటా?"

అతను ఒక చిత్తుకాగితం తీసుకుని వరసగా సంతకాలు పెట్టడం మొదలుపెట్టాడు. సీనియర్ అసిస్టెంటుది తోకతో. హెడ్ గుమాస్తాది కింద రెండు గీతలతో. పన్నెండో సంతకం దగ్గర అక్క లేచి సంచీ అందుకుంది.

గుమ్మం దగ్గర హెడ్ గుమాస్తా అడ్డం వచ్చాడు. "తొందరపడకయ్యా. పాము చావకుండా, కర్ర విరగకుండా చూద్దాం. కమిటీ ఉందిగా."

"పాపకి అంత టైము లేదు సార్," అన్నాడు అటెండరు. పదకొండేళ్లలో అతను ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పి మెట్లు దిగాడు.

సాధారణంగా దాత ఎవరో రోగి ఇంట్లోవాళ్లకు తెలియనివ్వరు. ఇక్కడ ఆ దాతను వెతికిపెట్టిందే రోగి తల్లి గనక సంస్థవాళ్లు ఆ నియమాన్ని చూసీచూడనట్టు ఊరుకున్నారు. పరీక్షలు, అయిదు ఇంజెక్షన్లు, యంత్రం అన్నీ కలిసి పది రోజులు పట్టాయి. ఒళ్లు నొప్పులు వచ్చాయి. చివరి రోజు డాక్టరమ్మ మాటల్లో పెట్టి, ఏం చేస్తుంటారని అడిగింది. "పోయిన వారం దాకా అటెండరునండీ," అన్నాడు.

ఆ పది రోజులూ హాజరు పట్టీ ఆశ్చర్యకరమైన శుభ్రతతో ఉంది. మెమో వెళ్లింది: "మీరు విధులకు రానందున ముప్పై ఏడుగురు సిబ్బంది గైర్హాజరు అయినారు. ఇట్టి తీవ్ర నిర్లక్ష్యమునకు కారణము తెల్పవలెను." కారణం అందేలోగానే కాంట్రాక్టరు వేరే మనిషిని పెట్టాడు. ఆ వచ్చినవాడికి రెండు చేతిరాతలే వచ్చట. ప్రతిభావంతుల కొరత అన్ని శాఖల్లోనూ ఉంది.

నాలుగు నెలలకు పాప ఒంట్లో రక్తం సొంతంగా తయారవడం మొదలైంది. కమిటీ నివేదిక కూడా సరిగ్గా అప్పుడే తయారైంది. దాత ఫలానావారని నిర్ధారించుట సాధ్యపడనందున, ముప్పై ఏడుగురినీ ఉమ్మడి దాతగా పరిగణించవలెనని సిఫారసు చేసింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు పతకాలు తయారయ్యాయి, సన్మానసభ జరిగింది. అక్కకు అందిన ఉత్తర్వు ప్రకారం ఆవిడ పాపతో సహా హాజరై కృతజ్ఞత తెలపాలి.

ఆ మధ్యాహ్నం అటెండరు స్టోరుగది తాళాలు అప్పజెప్పడానికి వచ్చాడు. లోపలికి రావడానికి పాసు లేదు గనక కిటికీ అవతల నిలబడ్డాడు. మూతికి గుడ్డ కట్టుకుని ముందు వరసలో కూర్చున్న పాప పతకాలు లెక్కపెడుతుంటే చూసి అతనికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లు చెమర్చాయి. పిల్ల బుగ్గల్లో రంగు ఉంది.

అక్క మైకు అందుకుంది. రాసిచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టింది.

"మా పాపని బతికించినాయన ఈ గదిలో లేడు," అంది. "ఈ గదిలో ఉన్నవాళ్లందరూ ఆయన కష్టాన్ని తమదని చెప్పుకున్నవాళ్లే."

ముప్పై ఏడు పతకాల వెనక ముప్పై ఏడు మనసులు చివుక్కుమన్నాయి. లోకం ఇలా తయారైందేమిటా అని ప్రతి ఒక్కరూ నిట్టూర్చి, పక్క కుర్చీలో ఉన్నవాడి వంక జాలిగా చూశారు. అచ్చం ఈ కథ చదువుతూ, తమ ఆఫీసులో ఇలాంటివాళ్లు ఎవరెవరున్నారో లెక్కవేస్తున్న పాఠకుల్లాగే.