అలుపు పట్టిక

ఆ ఆదివారం పొద్దున లెక్కల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: పది గంటలకు ఆటగాళ్ళు వచ్చేలోగా వీరుడికి అలుపు తెప్పించడం. వీరుడంటే బల్ల మీద నిలబెట్టే బొటనవేలంత బొమ్మ. పాచికలు వేస్తూ ఆడే ఆ కత్తియుద్ధాల ఆటను మాస్టారే కనిపెట్టాడు. నియమాల పుస్తకం నలభై రెండు పేజీలు. ఆయన తప్ప ఇంకెవరూ మూడో పేజీ దాటలేదు.

చిక్కంతా కవచంతో వచ్చింది. మొదట్లో ఆయన దానికి బరువే పెట్టలేదు. బావమరిది తన వీరుడికి నెత్తి నుంచి కాళ్ళ దాకా ఉక్కు తొడిగి, అందరినీ నరికి, మాస్టారు ముచ్చటపడి చేసుకున్న డ్రాగన్‌ను కూడా చంపి, తీరిగ్గా గోళ్ళు కొరుక్కున్నాడు. దాంతో మాస్టారు కవచం బరువును వీరుడి బలంతో భాగించి, దెబ్బకింత అని అలుపు లెక్కగట్టాడు. మరుసటి వారం ఉక్కు వీరులు శత్రువు దాకా నడవలేక దారిలోనే కూలబడ్డారు. ఆ పై వారం అందరూ కవచాలు విప్పేసి బనీన్లతో యుద్ధానికొచ్చారు.

"అసలు అంత బరువేసుకుని మనిషి ఎన్ని దెబ్బలు కొట్టగలడో నీకేమన్నా తెలుసా బావా?" అన్నాడు బావమరిది. "కుర్చీలో కూచుని అంకెలు రాసేస్తే సరా?"

ఆ మాట మాస్టారికి వారమంతా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఇవాళ స్వయంగా తేల్చుకోవాలనుకున్నాడు. కవచం ఇరవై నాలుగు కిలోలు. ఇంట్లో అంత బరువుకు సరిపడేవి అర్ధసంవత్సరం పరీక్షల జవాబు పత్రాలే. తూచి చూస్తే ఆరు కట్టలు, కట్టకు నాలుగు కిలోలు. ఒక్కటీ దిద్దలేదు. రెండు ఛాతీకి, రెండు వీపుకి, తొడకొకటి చొప్పున పెట్టె బెల్టులతో బిగించాడు.

"ఏమండీ, అవి దిద్దాల్సినవి కదా, కట్టుకుంటారేమిటి?" అంది భార్య.

"నీకర్థం కాదులే."

"అదొక్కటే నా అదృష్టం," అని ఆవిడ పేపర్లో తల దూర్చింది.

మాస్టారు తుడుపుకర్రతో పరుపును నలభై ఒక్క దెబ్బలు కొట్టి, లెక్కను కాగితం మీద పట్టికగా రాసి జేబులో పెట్టుకున్నాడు. శత్రువు పారిపోతే తరమాలి కదా అని తర్వాత మెట్లెక్కాడు. మూడో అంతస్తులో కాళ్ళు చచ్చుబడి కూలబడ్డాడు. బెల్టుల బకిల్సేమో జారి వీపు వెనక్కి చేరాయి.

అదే అంతస్తులో ఉండే సైన్సు మాస్టారు తలుపు తీశాడు. "మాస్టారూ! ఏమిటీ అవతారం?"

"బరువు... మొయ్యలేక..." అన్నాడు లెక్కల మాస్టారు. తక్కిన వాక్యానికి ఊపిరి చాల్లేదు.

సైన్సు మాస్టారికి ఆ రెండు ముక్కలే చాలు. దిద్దే పని ఎక్కువైందని ఆయన మూడేళ్ళుగా, హెడ్మిస్ట్రెస్ గదిలో లేనప్పుడు మాత్రమే, నిప్పులు చెరుగుతున్నాడు. ఇన్నాళ్ళకు ఇంకొకరి వీపు మీద ధైర్యం చూపించే వీలు చిక్కింది. వెంటనే ఫోటో తీసి టీచర్ల గ్రూపులో పెట్టాడు: "దిద్దే భారం కింద నలిగిపోతున్న లెక్కల మాస్టారి మౌన నిరసన. మెట్ల మీద బైఠాయింపు."

అరగంటలో పదకొండు మంది టీచర్లు మెట్ల మీద చేరారు. ఒకావిడ మెత్త కూడా తెచ్చింది, తను కూచోడానికి. బెల్టులు విప్పుదామని ఎవరో అంటే సైన్సు మాస్టారు అడ్డుపడ్డాడు. "విప్పితే నిరసన చప్పబడిపోతుందండీ!"

కాసేపటికి హెడ్మిస్ట్రెస్ పరుగున వచ్చింది. తన టీచర్లు పదకొండు మంది ఒకేసారి, అదీ ఆలస్యం లేకుండా, ఒకచోట చేరడం ఆమె ఎప్పుడూ చూడలేదు. భయపడిపోయింది.

"మాస్టారూ, ముందు లేవండి. అందరికీ దిద్దే పని సగానికి తగ్గిస్తాను. ఇప్పుడే రాసిస్తాను," అని కలం తీసింది.

ఇంకొక్క నిమిషం లెక్కల మాస్టారు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ సరిగ్గా అప్పుడే ఆయనకు ఊపిరి తిరిగొచ్చింది, ఆటకని బావమరిదీ వచ్చాడు.

"ఏం బావా, మూడంతస్తులకే పడిపోయావా?"

"పడిపోవడమా!" మాస్టారు రోషంతో నిటారుగా కూచున్నాడు. "ఇరవై నాలుగు కిలోలతో నలభై ఒక్క దెబ్బలు, యాభై నాలుగు మెట్లు! మేడమ్, ఇది నిరసన కాదు, ప్రయోగం. నాది సగటు బలం. అంటే సగటు మనిషెవడైనా ఈ బరువు హాయిగా మొయ్యగలడని తేలింది. ఇదిగోండి పట్టిక!"

హెడ్మిస్ట్రెస్ కలానికి మూత పెట్టింది. పట్టికను రెండుసార్లు చదివింది.

"చాలా బావుంది మాస్టారూ. ఇది నా దగ్గరుంచుకోవచ్చా?"

ఆయన రాసిన నియమాన్ని దాచుకుంటానని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మాస్టారి కళ్ళు చెమర్చాయి. "తప్పకుండా మేడమ్!"

సోమవారం నోటీసు బోర్డు మీద ఆ పట్టిక కనిపించింది. అప్పటిదాకా పది కిలోలు దాటని తక్కిన టీచర్లందరికీ తలా ఇరవై నాలుగు కిలోల జవాబు పత్రాలు పంచారు. రోజూ మూడంతస్తులు ఎక్కుతాడు గనుక సైన్సు మాస్టారిది సగటుకు మించిన బలమని తేల్చి ముప్పై రెండు ఇచ్చారు.

ఆనాటి నుంచి స్టాఫ్ రూములో లెక్కల మాస్టారికి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగానే ఉంటున్నాయి. కాళ్ళు చాపుకోవడానికి మాత్రం చాలా వీలుగా ఉంది.