బతికున్న మూత

మానవుడు మొట్టమొదట నిప్పు రాజేసినప్పుడు పక్కన ఒక గుమాస్తా లేకపోవడం చరిత్రలో జరిగిన అతి పెద్ద పొరపాటు. ఉండి ఉంటే ఆ నిప్పుకు ఒక నంబరు, ఆ మానవుడికి ఒక రశీదు దక్కేవి. మనం ఈ రోజుకీ అన్నీ పచ్చివే నములుతూ ఉండేవాళ్ళం గానీ రికార్డులు మాత్రం పక్కాగా ఉండేవి. ఆ లోటును ఆలస్యంగానైనా తీర్చడానికి వెలసినదే గృహ జ్వాలా సాధనాల ఆరోగ్య ధ్రువీకరణ కార్యాలయం. (పేరంతా బోర్డు మీద పట్టక చివరి ముక్కను పక్కనున్న మంగలి షాపు గోడ మీద రాశారు. అక్కడ గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా టోకెన్ అడుగుతుంటారు.)

ఆ కార్యాలయంతో మాకు సంబంధం కలిసింది మా మామగారి గ్యాస్ గ్రిల్ వల్ల.

మామగారు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పాతికేళ్ళకు పైగా వంట చేసి రిటైరయ్యారు. పెరట్లో ఆయనకు మూడు బర్నర్ల గ్రిల్ ఉంది. ప్రతి ఆదివారం దాని ముందు నిలబడి, కోడి ముక్కల్నీ మొక్కజొన్న పొత్తుల్నీ తిప్పుతూ, మూడొందల మందికి వండుతున్నంత హడావిడి చేసేవారు. తినేది నలుగురం. మిగతా వారమంతా వంటిల్లు అత్తగారిది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా నడుస్తున్న ఒప్పందం ఇదే. ఎవరూ కాగితం మీద పెట్టలేదు కాబట్టి చక్కగా అమలయ్యేది.

గ్రిల్ ముసలిదైపోయింది. బర్నర్ గొట్టాలు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. మంట పసుపుపచ్చగా ఒక పక్కకే ఒరిగేది. మూత బందు దగ్గర విరిగి, ఎవరో ఒకరు చేత్తో పట్టుకుంటే తప్ప నిలిచేది కాదు. ఒక ఆదివారం అసలు వెలగనే లేదు. మామగారికి పని లేకుండా పోయింది. పని లేని మామగారు వంటింట్లోకి వచ్చారు.

మొదటి రోజు డబ్బాలన్నిటినీ ఎత్తు ప్రకారం సర్దారు. రెండో రోజు అత్తగారి చేతిలోంచి గరిటె తీసుకుని, గరిటె ఎలా పట్టుకోవాలో ఆవిడకే చూపించారు. మూడో రోజు, ఉప్పు ఏ వేళకు చూడాలో ఒక పట్టిక రాసి ఫ్రిజ్‌కు అంటించారు. అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ ఏమీ అనడం లేదంటే ఏమిటో మా ఆవిడకు బాగా తెలుసు, అందుకే బెంగ పెట్టుకుంది. నాలుగో రోజు అత్తగారు నన్ను పెరట్లోకి పిలిచారు.

"బాబూ, ఆ గ్రిల్లన్నా వెలగాలి, నేనన్నా మా చెల్లెలింటికి వెళ్ళాలి. ఏది ముందైతే అది."

(నవ్వుతూ అన్న మాట కాదు. సూట్‌కేసు అప్పటికే అటక దిగింది.)

మామగారికి ఈ సంగతి చెప్పలేదు. గ్రిల్ బాగుచేద్దామని మాత్రం అన్నాను. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, తర్వాత నాలుగు నొక్కమంది, ఆ తర్వాత మళ్ళీ ఒకటికే రమ్మంది. చివరికి ఒక అమ్మాయి దొరికి, ఆ మోడల్ ఎప్పుడో ఆపేశామనీ, కొత్త మోడల్ బర్నర్లు పంపగలమనీ, అవి రెండంగుళాలు పొడుగనీ, ఆ రెండంగుళాలకూ కంపెనీకీ ఎలాంటి సంబంధమూ లేదనీ చెప్పింది. బర్నర్లు వచ్చాయి. సరిగ్గా రెండంగుళాలు పొడుగున్నాయి. (ఈ వ్యవహారం మొత్తంలో అన్న మాట నిలబెట్టుకున్న సంస్థ అదొక్కటే.) మామగారు వెనక రేకుకు కొత్త రంధ్రాలు వేసి, బర్నర్లను పట్టుకునే పట్టీని రెండంగుళాలు వెనక్కి జరిపారు.

మిగతావి పాత ఇనుము కొట్లో దొరికాయి. కొట్టు యజమానిని అందరూ తూకం అంటారు. ఆయన దగ్గర మా గ్రిల్‌కు తోబుట్టువులాంటిది ఒకటి విప్పేసి పడి ఉంది. దాని జాలీ, రెండు తిప్పుడు గుబ్బలు, ఒక జత చక్రాలు, గీత పడని మూత తీసుకుని, మా విరిగిన మూతను ఆయనకు ఇచ్చేసి వచ్చాం.

ఆ వారం రోజులూ వంటింట్లో శాంతి నెలకొంది. మామగారు జాలీని వెనిగర్‌లో నానబెట్టి తీగ బ్రష్‌తో తోమారు. గ్యాస్ వెళ్ళే దారిలో ఒక సాలీడు కాపురం పెట్టి ఉంటే, దాన్ని పుల్లతో జాగ్రత్తగా బయటికి పంపారు. కొత్త రబ్బరు గొట్టానికి సబ్బునీళ్ళు పూసి, బుడగ వస్తుందేమోనని కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశారు. రాలేదు. బటన్ నొక్కితే మూడు బర్నర్ల మీదా నీలిమంట సమంగా లేచింది. ఆ మంట వంక మామగారు చూసిన చూపు మా పెళ్ళి ఫోటోల్లో ఎవరి ముఖంలోనూ లేదు. అత్తగారు తలుపు దగ్గర నిలబడి చూసి, ఆదివారం దాకా ఆగుతానని నాతో మెల్లగా అన్నారు.

ఇక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ పదేళ్ళు దాటిన ప్రతి గ్రిల్‌కూ ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని ఈ ఏడాదే ఉత్తర్వు వచ్చింది. మాది చట్టాన్ని గౌరవించే కుటుంబం. ఎవరూ అడగకముందే మేమే దరఖాస్తు పెట్టాం. (మా వీధిలో ఆ పని చేసినవాళ్ళం మేమొక్కళ్ళమే అని తర్వాత తెలిసింది.)

శుక్రవారం తనిఖీ అధికారి వచ్చారు. మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విడిచారు. మామగారు గ్రిల్ వెలిగించి పక్కన నిలబడ్డారు. అధికారి మంట వంక చూడకుండా మూత మీది నంబరు చూసి ఫోన్‌లో కొట్టారు. కాసేపు చదివారు. తర్వాత గొంతు తగ్గించి, ఈ గ్రిల్ రెండేళ్ళ క్రితమే చనిపోయిందన్నారు.

"మరి ఈ మంట?" అన్నారు మామగారు.

"మంటకు ఫారంలో గడి లేదండీ."

విషయం ఏమిటంటే, నిబంధన పద్నాలుగు ప్రకారం గ్రిల్ అంటే మూత. నంబరు దాని మీదే ఉంటుంది కాబట్టి. తూకం బుద్ధిమంతుడు, కొట్లోకి వచ్చిన గ్రిల్‌ను వచ్చినట్టే మృతుల జాబితాలో ఎక్కిస్తాడు. ఆ మృతుడి మూతనే మేము తెచ్చి బిగించాం. అధికారి మా సిలిండర్‌కు సీలు వేసి, చనిపోయిన సాధనానికి గ్యాస్ ఇవ్వడం ఇంధనం వృథా కిందికి వస్తుందని వివరించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

పరుగున కార్యాలయానికి వెళ్ళాను. మూతల విభాగాధికారి నన్ను కూర్చోబెట్టి (కుర్చీ ఇచ్చారంటేనే పని కాదని అర్థం) అన్నీ ఓపిగ్గా చెప్పారు. మా పాత మూతే తెచ్చి మళ్ళీ పెట్టుకుంటామన్నాను. చనిపోయిన సాధనానికి బతికున్న మూత పెట్టడం ఆరు నెలల నేరమట. పోనీ మా గ్రిల్‌ను బతికించమన్నాను. అందుకు పునర్జీవన దరఖాస్తు ఉంది. అదే మోడల్, అదే వయసు గల ఒక సజీవ గ్రిల్ సాక్షిగా నిలవాలి. రికార్డులు వెతికితే ఊరు మొత్తానికి అలాంటిది ఒకటే బతికి ఉంది. అది తూకం కొట్లో, తుప్పు పట్టిన సైకిళ్ళ మధ్య ఉన్న మా పాత మూత. (ఒట్టి మూతే కదా అని తూకం దాన్ని మృతుల జాబితాలో ఎక్కించలేదు.)

సాక్షి ఆరోగ్యం పరీక్షించాలి కదా. శనివారం పొద్దున్నే అదే అధికారి తూకం కొట్టుకు వెళ్ళి, మూతను ముందు నుంచీ వెనక నుంచీ చూసి, అన్ని పరీక్షల్లోనూ నెగ్గిందని రాశారు. మధ్యాహ్నానికి సాక్ష్యం తిరస్కరించారు. మూతా, మా గ్రిల్లూ ఒకప్పుడు ఒకే కుటుంబానికి చెందినవి. రక్తసంబంధీకుల సాక్ష్యం చెల్లదు. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఇంటికి వస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి మాత్రం ఎవరూ దొరకలేదు. అందరూ చాలా మర్యాదగా మాట్లాడారు.

ఆదివారం పొద్దున అత్తగారు సూట్‌కేసుతో హాల్లోకి వచ్చారు. మామగారు అప్పటికే వంటింట్లో, టొమాటోలు ఏ పక్క నుంచి కోయాలో మా ఆవిడకు బోధిస్తున్నారు. అత్తగారిని చూసి కత్తి కింద పెట్టేశారు.

"అది వెలిగించి ఫోన్ చెయ్యండి, వస్తాను," అన్నారు అత్తగారు. కోపంగా అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన ఆవిడ సూట్‌కేసు అందుకుని గేటు దాకా మోశారు.

తర్వాత ఆయన వంటింటి గడప తొక్కలేదు. సరిదిద్దడానికి అక్కడ అత్తగారు లేరు. రోజూ పెరట్లోకి వెళ్ళి, వెలగని గ్రిల్‌ను గుడ్డతో తుడిచి వచ్చేవారు. నాకు ఆయన మీద ఎప్పుడూ లేని జాలి వేసింది.

పది రోజులకు కార్యాలయం నుంచి మామగారి పేరు మీద ఒక కవరు వచ్చింది. మా పాత మూత ఇంకా ఆయన పేరునే ఉంది కదా. అందులో ఆ మూతకు రంగుల ధ్రువపత్రం. "మీ గ్రిల్ అత్యుత్తమ స్థితిలో ఉన్నది. గ్యాస్ లీకు లేదు. పొగ లేదు. మంట హద్దు దాటు అవకాశమే లేదు. దీనిని కదిలించినచో, లేక దీనికి ఏ భాగమైనను తగిలించినచో ఈ పత్రము రద్దగును." కింద, ఇంత పాత సాధనాన్ని ఇంత బాగా చూసుకుంటున్నందుకు కార్యాలయం అభినందనలు.

మామగారు కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. అత్యుత్తమ స్థితి అన్న చోట వేలు పెట్టి నాకు చూపించారు.

"అల్లుడూ, ఇది చూపిస్తే మీ అత్తయ్య వస్తుందంటావా?"

ఒట్టి కాగితం చూసి రారు గానీ, ధ్రువీకరించిన నకలైతే రావచ్చన్నాను. వేళాకోళానికే అన్నానని చెప్పేలోగా ఆయన చెప్పులు వేసుకుని కార్యాలయం క్యూలో నిలబడడానికి వెళ్ళిపోయారు.