పదిహేడో కుటుంబం ఉపవాసం

మా స్కినారి రేవు పట్టణంలో పెద్ద ఉపవాసాన్ని నిష్ఠగా పాటించేవారి సంఖ్య అరవై ఒకటి అని ఈ ఏడాది శాస్త్రీయంగా తేలింది. వారిలో అరవైమంది చేపలు.

ఇది పుకారు కాదు. ఉపవాస చేప నిర్ణయ సంఘానికి కార్యదర్శిని నేనే, మినిట్స్ అన్నీ నా చేతిరాతే. సంఘంలో నేనొక్కడినే పరీక్ష ఎలా తప్పించుకున్నానో ముందుముందు తెలుస్తుంది. ప్రస్తుతానికి నాకు ఇరవై ఏడో ఏటే బట్టతల వచ్చిందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈస్టరుకు ముందు ఏడు వారాలు మా ఊళ్లో ఎవరూ మాంసం, గుడ్లు, పాలు, జున్ను, చేప ముట్టరు. ముట్టరంటే, ముట్టినట్టు ఒప్పుకోరు. నెత్తురు లేని జీవులకు మాత్రం పెద్దలు మినహాయింపు ఇచ్చారు కాబట్టి ఉన్నవాడు పెద్దరొయ్యలు, ఆక్టోపస్‌లతోనూ లేనివాడు పప్పుతోనూ సమానంగా శరీరాన్ని శిక్షించుకుంటారు. చేపకు రెండే రోజులు అనుమతి: మార్చి ఇరవై ఐదు పండుగ, ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టలాదివారం. మాంసం కొట్టు ముందు తలుపు ఈ ఏడు వారాలూ మూసే ఉంటుంది. వెనక తలుపు సందులోకి ఉంది. ఆ సందులో ఈ రోజుల్లో నడవడం కష్టం, అంత రద్దీ.

ఈ ఏడు వారాలూ బేరం చచ్చిపోయేది వ్లాసిస్ గారికి. మా అఖాతంలో గుండ్రంగా తేలే వలపంజరాలన్నీ ఆయనవే. వాటిలో త్సిపూర చేపల్ని పెంచుతాడు. పూర్వం ఒక త్సిపూరను పెంచడానికి అంతకన్నా ఎక్కువ బరువున్న చిన్న చేపల్ని సముద్రంలోంచి తెచ్చి, ఎండబెట్టి, పొడికొట్టి పెట్టేవారు. సముద్రంలోని చేపల్ని ఖర్చుపెట్టి సముద్రంలోనే తక్కువ చేపల్ని తయారుచేసే ఈ పద్ధతిని అభివృద్ధి అనేవారు. చిన్న చేపలు కరువయ్యాక వ్లాసిస్ గారికి ప్రకృతి మీద ప్రేమ పుట్టి, డాక్టర్ మెల్పొను ఉద్యోగంలోకి తీసుకున్నాడు.

మెల్పొ తొమ్మిదేళ్లు ఒకే పని చేసింది. చేపలకు బఠాణీలు, సోయా, నాచు కలిపిన మేత పెట్టింది. ఒక్కో జంట పిల్లల్ని ఒక్కో కుటుంబంగా విడదీసి, ఏ కుటుంబానికి ఈ మేత వంటబడుతుందో చూసింది. చేపల్ని మూత వేసిన తొట్టిలో పెట్టి, గంటకు ఎంత ప్రాణవాయువు పీలుస్తున్నాయో లెక్కగట్టింది. చాలా కుటుంబాలకు బఠాణీ పడలేదు. కాలేయం కొవ్వెక్కి పాలిపోయింది, ఊరకే రొప్పాయి, పెళ్లివారి భోజనంలో కూర అందనివాళ్లలా మూతులు ముడుచుకుని మూలన నిలబడ్డాయి. పదిహేడో కుటుంబం ఒక్కటే అదే బఠాణీ తిని, తక్కువ గాలి పీల్చి, శుభ్రమైన కాలేయంతో నవనవలాడుతూ పెరిగింది. అది అమ్మానాన్నల రక్తంలో వచ్చిన గుణం, పిల్లలకూ వస్తుంది. ఆ కుటుంబంలో పిల్లల్ని కనడానికి ఎంపిక చేసి ఉంచినవి అరవై చేపలు. ఆమె తొమ్మిదేళ్ల బతుకు ఆ ఒక్క తొట్టిలో ఈదుతోంది. అన్నట్టు, త్సిపూర పుట్టినప్పుడు మగది, రెండు మూడేళ్లకు ఆడది అవుతుంది. సంఘంలో ఎవరూ ఈ సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక్కడ వ్లాసిస్ గారికి బంగారంలాంటి ఆలోచన వచ్చింది. పుట్టినప్పటి నుంచి బఠాణీ తప్ప ఎరుగని చేప తానే ఉపవాసి. ఉపవాసిని తింటే ఉపవాసం ఎలా చెడుతుంది? పెట్టె మీద "ఉపవాసయోగ్యం" అన్న ముద్ర పడితే ఏడు వారాలూ బేరమే. ఆయన చర్చి హాల్లో లేచి నిలబడి ఇలా ఉపన్యసించాడు: "సోదరులారా! ఈ చేప అంటే ఏమిటి? ఈదే బఠాణీ! బఠాణీకి దేవుడు మొప్పలిచ్చాడు, అంతే!" చప్పట్లు మోగాయి. తర్వాత పక్కనున్న మెల్పొతో గొంతు తగ్గించి అన్నాడు: "ముద్ర వస్తే నీ అరవై చేపలూ ఉంటాయి డాక్టరమ్మా. రాకపోతే ఈ ఖరీదైన భక్తి నాకెందుకు? మట్టలాదివారం నాడు పొయ్యెక్కిస్తా, మళ్లీ పాత మేతే."

"ఇంకొక్క తరం పెంచనివ్వండి," అంది మెల్పొ. "కనీసం కొన్నైనా ఉంచండి."

"అదంతా ఫాదర్‌గారి చేతిలో ఉంది."

ఫాదర్ సొఫ్రొనిస్ మా సంఘానికి అధ్యక్షుడు. బొడ్డుదాకా గడ్డం, గడ్డానికి తగ్గ బొజ్జ. మా మతగురువులు జుట్టూ గడ్డమూ కత్తిరించరు, అది తరతరాల ఆచారం. ఈ ఆచారాన్ని కూడా దయచేసి గుర్తుపెట్టుకోండి.

సంఘం లోతుగా పనిచేసింది. మేతలో పదో వంతు ఈగపురుగుల పొడి ఉందని తెలిసి, అది మాంసమా కాదా అని మాంసం కొట్టు యజమాని అడిగాడు. పురుగుకు నెత్తురు లేదు కాబట్టి అది "ఎగరబోయే రొయ్య" అని రెండు గంటల చర్చ తర్వాత ఏకగ్రీవంగా తీర్మానించాం. చేపల తాతముత్తాతలు సముద్రంలో ఆల్చిప్పలు తిన్నాయని తేలింది, ఆల్చిప్పకూ నెత్తురు లేదు కాబట్టి వంశం పవిత్రమేనని రాసుకున్నాం. చివరికి ఫాదర్ అసలు ప్రశ్న వేశాడు: "వల సందుల్లోంచి దొంగచాటుగా చిన్న చేపల్ని మింగడం లేదని నమ్మకమేమిటి అమ్మాయీ? పాపి ఎప్పుడూ చాటుగానే తింటాడు."

"కనిపెట్టొచ్చు ఫాదర్," అంది మెల్పొ. "తిన్న తిండి గుర్తు ఒంట్లో మిగిలిపోతుంది. చేపకైతే రెక్క చివర చిటికెడు తీస్తే చాలు, తెలిసిపోతుంది. పోల్చుకోడానికి నిజంగా ఉపవాసం చేసే మనుషుల వెంట్రుకలు కొన్ని కావాలి."

చేపకు కొలబద్దగా నిలిచే గౌరవం ఎవరు వదులుకుంటారు? ఫాదర్ లేచి, "మా ఒంట్లో ప్రతి రోమమూ ఉపవాసానికి సాక్ష్యమిస్తుంది!" అని గంభీరంగా ప్రకటించి, గడ్డం కొస పట్టుకుని మంగలి థెమిస్ ముందు సాచాడు. మిగతా పదిమంది సభ్యులూ వరసలో నిలబడ్డారు. అపొస్తలుల్లాగా పన్నెండు ఉంటే బాగుంటుందని ఫాదర్ అన్నాడు. నా తల అందుకు పనికిరాదు. అప్పుడే కాఫీలు తెచ్చిన చర్చి ఊడ్చే స్తమాతియా అవ్వను పన్నెండోదిగా కూర్చోబెట్టారు.

"పన్నెండోవాడు గురువును అమ్ముకున్న యూదా కదా ఫాదర్‌గారూ, పర్లేదా?" అన్నాడు థెమిస్.

"కత్తిరించు నాయనా," అంది అవ్వ జడ ముందుకు వేసుకుంటూ. "ముప్ఫై వెండినాణేలు ఇస్తే యూదాగా ఉండడానికి నాకేం అభ్యంతరం?"

రెండు వారాల తర్వాత నగరం నుంచి ఫలితాలు వచ్చాయి. మెల్పొ కాగితం గోడకు అంటించి చదివింది. అరవై చేపల్లో అరవైకీ బఠాణీ, నాచు, ఎగరబోయే రొయ్య తప్ప వేరే గుర్తు లేదు. అవ్వ జడలో పైనుంచి కింది దాకా అయిదేళ్ల పప్పు, చిక్కుడుగింజలు, ఆకుకూరలు. మిగతా పదకొండు మందిలో గొర్రె ఉంది.

"అది ఆక్టోపస్ అయి ఉంటుంది," అన్నాడు ఫాదర్.

"సముద్రపు తిండి గుర్తు వేరే ఫాదర్. ఇది గడ్డి మేసింది."

"అయితే గడ్డి మేసే ఆక్టోపస్సే!" అని థెమిస్ అనేసి నోరు మూసుకున్నాడు.

మెల్పొ మంచి మనిషి. తెలివి ఉన్న మంచివాళ్లకు ఉండే తెలివితక్కువతనం ఆమెలో పుష్కలంగా ఉంది. ఎవరూ అడక్కపోయినా కాగితం మీద ఫాదర్ గడ్డం తాలూకు గీతను వేలితో చూపిస్తూ వివరించింది: వెంట్రుక నెలకు గోరంత పెరుగుతుంది, ఈ గడ్డంలో మూడేళ్లున్నాయి, పెద్ద ఉపవాసం వచ్చినప్పుడల్లా గీత లోయలా దిగాలి, ఇక్కడ మాత్రం గుట్టలా లేచింది, బహుశా యంత్రం కాగితాన్ని తలకిందులుగా అచ్చువేసిందేమోనని మళ్లీ చూశాను, లేదు.

ఫాదర్ ముఖం ఎర్రబడింది. "యంత్రం అబద్ధమాడుతోంది! ఊరందరి వెంట్రుకలూ తీయండి! సత్యం బయటపడాలి!"

ఆవేశంలో అన్న ఆ ఒక్క మాట మర్నాడు మా ఊరిని మార్చేసింది. తెల్లారేసరికి థెమిస్ కొట్టు ముందు వంతు కోసం కొట్టుకుంటున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారని విన్నాం గానీ, ఊరు ఊరంతా తల తడుముకోవడం నేను అప్పుడే చూశాను. సాయంత్రానికి మగవాళ్లందరూ గుండ్లు. బడిపంతులు పేలు పడ్డాయన్నాడు. ఔషధాల కొట్టాయన ఎండ అన్నాడు. మాంసం కొట్టు యజమాని కనుబొమలు కూడా తీయించుకున్నాడు. ఆయన సరుకు మీద ఆయనకు అంత నమ్మకం. ఆడవాళ్లు అంతదూరం పోలేదు, ముసలమ్మల పాత తలగుడ్డలు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. ఫాదర్‌కు ఆచారం అడ్డొచ్చింది కాబట్టి గడ్డాన్ని అంగీ లోపలికి దోపుకుని, ఎండలో కూడా పైదాకా గుండీలు పెట్టుకుని తిరిగాడు. దారిలో నన్ను చూసినవాళ్లందరూ ఆప్యాయంగా పలకరించారు. అంతమంది నన్ను తమవాడిగా చూడటం అదే మొదలు.

"నమూనాలు లభ్యం కానందున పునఃపరీక్ష సాధ్యపడలేదు" అని మినిట్స్‌లో రాశాను.

ఆరో వారంలో తుది సమావేశం జరిగింది. ఫాదర్ ప్రసంగం యథాతథంగా ఇది: "ఉపవాసమంటే ఉన్నదాన్ని వదులుకోవడం. లేనిదాన్ని తినకపోవడం ఉపవాసం కాదు, గతిలేకపోవడం. ఈ చేప ముందు మనం గొర్రెమాంసం పెట్టామా? పెడితే వద్దన్నదా? పెట్టలేదు. బఠాణీ పడేశాం, తిన్నది. ఇందులో దాని గొప్పేముంది?"

మెల్పొ లేచింది. "మీ లెక్కన స్తమాతియా అవ్వది కూడా ఉపవాసం కాదు కదా. పింఛనులో ఆమె కొనగలిగింది పప్పే."

ఆమె ఇరుకున పెట్టాననుకుంది. న్యాయం విషయంలో మా సంఘం మొహమాటపడదు. అవ్వ పేరు కూడా వెంటనే కొట్టేశాం. ఇప్పుడు ఊళ్లో ఉపవాసి అన్నవాడే లేకుండా పోయే ప్రమాదం వచ్చింది. బడిపంతులు ఆదుకున్నాడు: ఎదురుగా మాంసం ఉన్నవాడే కదా మాంసాన్ని వదులుకోగలిగేవాడు? గొర్రె గుర్తు దొరికినవాళ్లందరి ఎదుటా గొర్రె ఉన్నట్టు శాస్త్రమే రుజువుచేసింది. కాబట్టి ఉపవాసం చేయడానికి అర్హత ఉన్నవారు ఆ పదకొండుమందే. తీర్మానం నెగ్గింది. ముద్ర నిరాకరించబడింది.

మెల్పొ నా దగ్గరికొచ్చింది. "మీరైనా ఒక్క మాట అనొచ్చు కదండీ. మీకు జుట్టు లేదు, భయం దేనికి?" కార్యదర్శికి ఓటు లేదని చెప్పాను. నిజమే, లేదు. నోరు మాత్రం ఉంది. ఆ రోజు నాకు సిగ్గేసింది. అది మినిట్స్‌లో ఎక్కదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మట్టలాదివారం నాడు రేవులో బొగ్గుల పొయ్యిలు వరసగా పెట్టారు. గుండ్లు ఎండకు మెరిశాయి. వ్లాసిస్ గారు అరవై చేపల్నీ ఉచితంగా ఇచ్చాడని ఫాదర్ దీవించాడు. పొగకు ఉక్కపోసి ఆయన గడ్డం బయటికి తీశాడు, ఎవరూ దాని వంక చూడలేదు. మెల్పొ ఖాళీ తొట్టిని కడిగి, తాళంచెవి నాకిచ్చి, మధ్యాహ్నం బస్సెక్కింది. ఆమె అరిచినా బాగుండేది.

నా పక్కన స్తమాతియా అవ్వ కూర్చుంది. చాలాకాలానికి చేప దొరికిందేమో, ముల్లు ముల్లూ చీకి పళ్లెం అంచున పేరుస్తోంది. మధ్యలో ఆగి అడిగింది:

"ఇవి గతిలేక బఠాణీ తిన్నాయంటిరి కదా నాయనా?"

"సంఘం నిర్ణయం అవ్వా."

"నాదీ గతిలేకేనని రాసుకుంటిరి?"

"అదీ సంఘమే."

"మరి నన్నెప్పుడు పొయ్యెక్కిస్తారు?"

ఆ ప్రశ్న అజెండాలో లేనందున నేను నమోదు చేయలేదు. నిమ్మకాయ పిండుకుని తల దగ్గర నుంచి మొదలుపెట్టాను. చేప చాలా బాగుంది. కొవ్వన్నదే లేదు.