కణత్వచ కార్పొరేషన్

"దేవుడికి కోట్ల సంవత్సరాలు పట్టిన పనిని మన ప్రభుత్వం వచ్చే ఉగాదిలోగా పూర్తి చేస్తుంది!" అని మంత్రి నాంచారయ్యగారు మచిలీపట్నం కోనేరు సెంటర్లో ప్రకటించారు.

జనం చప్పట్లు కొట్టారు. ఆ పని ఏమిటో మంత్రిగారు తర్వాత చెప్పారు. మనిషి ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఓ పొర ఉంటుంది. దాన్ని కణత్వచం అంటారు. లోపలికి ఎవరు రావాలో, బయటికి ఎవరు పోవాలో అదే తేలుస్తుంది. అలాంటి పొరని బందరు కాలేజీలో ఒక మేడమ్ గాజుపలక మీద కృత్రిమంగా తయారుచేస్తున్నారు.

"గాజు మీదే ఎందుకని అడుగుతున్నాను! మిగతా ఉపరితలాలు ఏం పాపం చేశాయి? గుడివాడ నుంచి దివిసీమ దాకా ప్రతి ఉపరితలానికీ పొర అందాలి. అదే సామాజిక న్యాయం!"

అక్కడికక్కడే కణత్వచ అభివృద్ధి కార్పొరేషన్ పుట్టింది. చైర్మన్ ఎవరన్నది, పొరని చూడ్డానికి ఢిల్లీ బృందం వచ్చిన రోజున ప్రకటిస్తామన్నారు. వేదిక దిగుతూ మంత్రిగారు శోభనాద్రి భుజం తట్టారు.

"పొర సంగతి నువ్వే చూసుకోవాలి. అర్థమైందిగా?"

శోభనాద్రికి అర్థమైంది. పార్టీలో అతని సేవ చిన్నది కాదు. మంత్రిగారు ఎక్కడ కూర్చోబోయినా, ముందుగా కుర్చీని తన కండువాతో తుడిచేది అతనే. కుర్చీలే కాదు, మైకులూ మెమెంటోలూ కూడా తుడిచేవాడు. ఓసారి మంత్రిగారు ముద్దు పెట్టుకోబోతున్న పసివాడి ముక్కు కూడా తుడిచాడు. అతని కండువా తగలకుండా మంత్రిగారి ముందుకు ఏ వస్తువూ చేరలేదు. అయినా మార్కెట్ యార్డు చైర్మన్ గిరీ ఒకరికి పోయింది, గుడి కమిటీ ఇంకొకరికి పోయింది.

"ఈసారి కూడా రాకపోయిందా, ఆ కండువాని మసిగుడ్డ చేసి పారేస్తాను," అంది అతని భార్య బుల్లెమ్మ. అప్పటికే ఆవిడ వీధంతా చైర్మన్ గారి భార్యగా తిరిగి వచ్చేసింది.

మర్నాడే శోభనాద్రి ల్యాబులో వాలాడు.

"రాధాకుమారిగారూ, నేను చైర్మన్ కాగానే మీ ల్యాబుకి ఏసీ పెట్టిస్తానండీ. ముందా పొర చూపించండి."

"కంటికి కనబడదండీ."

"కనబడనిదానికి ఇంత ప్రచారం..." అని ఆగి, "పర్లేదులెండి, మాకు అలవాటే," అన్నాడు.

రాధాకుమారి ఓపిగ్గా చెప్పింది. "ఇది కొవ్వండీ. ప్రతి అణువుకీ ఓ తల, ఓ తోక ఉంటాయి. తలకి నీళ్లు కావాలి, తోకకి పడవు. అందుకని నీళ్లలో వేస్తే చిన్న చిన్న బుడగలవుతాయి. శుభ్రమైన గాజు తగిలితే బుడగలు పగిలి పరుచుకుంటాయి. తలలు బయటికి, తోకలు లోపలికి, రెండు వరసల్లో."

"గ్రూప్ ఫొటోకి మావాళ్లు నిలబడ్డట్టు!"

"ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పొర ఎప్పుడూ నీళ్ల కిందే ఉండాలి. తడి ఆరిందా, పొర పోయినట్టే."

"మరి బాగుందో లేదో ఎట్టా తెలుస్తుందండీ?"

"కొవ్వులో మెరిసే రంగు కలుపుతాం. మైక్రోస్కోపులో పొరంతా వెలుగుతూ కనబడుతుంది. ఒకచోట గట్టి వెలుగు కొట్టి ఆ రంగుని చంపేస్తాం. నల్లమచ్చ పడుతుంది. పొర బాగుంటే చుట్టుపక్కల అణువులు జరుగుతూ వచ్చి మచ్చని నింపేస్తాయి. బాగోకపోతే మచ్చ అట్లాగే ఉండిపోతుంది."

శోభనాద్రి ఫోన్లో ఈ సంగతి చెప్పగానే అవతల మంత్రిగారు పక్కనున్నవాళ్లని బయటికి పంపేశారు. దివిసీమ కరకట్ట పనుల మీద విచారణ నడుస్తున్న రోజులవి. ఆ కాంట్రాక్టు చేసింది మంత్రిగారి బావమరిది సాయిబాబు.

"మచ్చ దానంతటదే పోతుందా?"

"పోతుందటండీ."

"ఢిల్లీవాళ్లకి అదే చూపించాలయ్యా."

ఇక ఉపరితలాలు రావడం మొదలైంది. పెడన నుంచి కలంకారీ గుడ్డ వచ్చింది. దాని మీద కొవ్వు పోగుల్లో ఇరుక్కుంది గాని పరుచుకోలేదు. చిలకలపూడి నుంచి గిల్టు గాజులు వచ్చాయి. వాటి మీద బుడగలు బుడగలుగానే కూర్చున్నాయి.

"ఇది గిల్టని కొవ్వు కనిపెట్టేసిందంటారా?" అని శోభనాద్రి భయపడ్డాడు.

"అసలు బంగారం మీదైనా అంతేనండీ. అతుక్కుంటాయి, పగలవు."

గుడివాడవాళ్లు మాకెప్పుడూ అన్యాయమేనంటూ మంత్రిగారి పుట్టినరోజు ఫ్లెక్సీ కత్తిరించి పంపారు. పాలాభిషేకం చేసిన ఫ్లెక్సీ కావడంతో కడగడానికే పూటంతా పట్టింది. చివరికి దాని మీద ఒక్క వరసే ఏర్పడింది.

"ఇదేంటండీ, సగమే వచ్చింది?"

"ఫ్లెక్సీకి నీళ్లు అంటవు కదండీ. అందుకని తోకలన్నీ వెళ్లి బొమ్మకి అతుక్కుపోయాయి."

శోభనాద్రికి అందులో వింతేమీ కనిపించలేదు.

దివిసీమ నుంచి కరకట్ట కాంక్రీటు ముక్క వచ్చింది. రాధాకుమారి దాన్ని నీళ్ల గిన్నెలో పెట్టి టీ తాగడానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి గిన్నె అడుగున ఇసక మిగిలింది.

"పొర దేని మీద వెయ్యనండీ? ఉపరితలమే లేదు."

శోభనాద్రి మంత్రిగారికి నివేదించాడు. "దివిసీమ శాంపిల్ నీళ్లలో సంపూర్ణంగా కలిసిపోయిందండీ."

"సమైక్యతంటే అదీ!" అన్నారు మంత్రిగారు.

చివరికి నిలబడింది గాజొక్కటే. ఢిల్లీ బృందం వచ్చే రోజున రాధాకుమారి ఓ గాజుపలక మీద చక్కటి పొర తయారుచేసింది. నీళ్ల గిన్నెలో ఉంచి, పసిబిడ్డని తెచ్చినట్టు టౌన్‌హాలుకి తెచ్చింది. వేదిక మీద పెద్ద తెర కట్టారు. మంత్రిగారి కుర్చీ పక్కనే కొత్త చైర్మన్ కోసం ఇంకో కుర్చీ వేశారు. దానికి మెత్తటి దిండు కూడా ఉంది. శోభనాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"మైక్రోస్కోపు వైరు తెరకి తగిలించి వస్తాను. కాస్త గిన్నె చూస్తూ ఉండండి," అని రాధాకుమారి తెర వెనక్కి వెళ్లింది.

సైరన్ వినబడింది. కాన్వాయి వచ్చేసింది. ఆ తర్వాత శోభనాద్రి చెయ్యి అతని మాట వినలేదు. గిన్నెలో నీళ్లు పారబోసింది. గాజుపలకని కండువాతో ఇటు తుడిచి, తిప్పి అటు తుడిచింది. అతను నోటితో ఊదగానే మరోసారి తుడిచి, మైక్రోస్కోపు కింద పెట్టి పక్కన ఓ బంతిపువ్వు ఉంచింది. రాధాకుమారి తిరిగొచ్చి తళతళలాడే పలకని చూసింది. తర్వాత అతని భుజం మీద తడిసిన కండువాని చూసింది.

"తుడిచారా?"

"తుడవకుండా మంత్రిగారి ముందు..." అన్నాడు శోభనాద్రి. అప్పుడే ఖాళీ గిన్నె అతని కంటపడింది.

అప్పటికే దీపాలు ఆర్పారు. తెర వెలిగింది. వెలిగిందన్న మాటే గాని, దాని మీద ఏమీ లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నలుపు. శోభనాద్రికి బుల్లెమ్మా, మసిగుడ్డా కనిపించాయి.

"మచ్చ ఎక్కడ?" అని ఢిల్లీ అధికారి అడిగాడు.

మంత్రిగారు లేచి తెర దగ్గరికి వెళ్లి కింది నుంచి పైదాకా వెతికారు.

"లేదు!" అన్నారు గద్గదంగా. "చూడండి, ఎంత వెతికినా లేదు! పూర్తిగా పోయింది!"

హాలు దద్దరిల్లింది. అధికారి కూడా లేచి చప్పట్లు కొట్టాడు. ఆయన రైలుకి టైమవుతోంది.

రాధాకుమారి మైకు అందుకుంది. "ఒక్క మాటండీ. మచ్చ పోలేదు. మొత్తం అంతా..."

"మైకు తడిగా ఉందండీ మేడమ్!" అంటూ శోభనాద్రి దాన్ని లాక్కుని తుడవసాగాడు. మంత్రిగారు తన ఉపన్యాసానికి దాన్ని అందుకునేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

"ఈ విజయానికి కారకుడైన చైర్మన్ గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను," అన్నారు మంత్రిగారు. శోభనాద్రి చొక్కా సర్దుకుని ఒక అడుగు ముందుకేశాడు. "దివిసీమలో ఎన్నో నిర్మాణాలు చేసిన అనుభవశాలి, మా సాయిబాబు!"

బాజాలు మోగాయి. సాయిబాబు మెట్లెక్కి వచ్చి దిండు కుర్చీ ముందు ఆగాడు. కుర్చీ వంక చూశాడు. తర్వాత శోభనాద్రి వంక చూశాడు.

హాలంతా ఎదురుచూస్తోంది. శోభనాద్రి చెయ్యి మెల్లగా భుజం మీదికి వెళ్లింది. ఇంకా తడి ఆరని కండువా తీసి వంగి దిండు తుడిచాడు, చేతులు ఆనించే చోట తుడిచాడు. నడుము పట్టుకుని లేవబోయాడు.

"శోభనాద్రీ," అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా, "వీపు ఆనే చోట కూడా."