చీకటికి శాలువా

విజయవాడ గవర్నర్‌పేటలోని ఆ దినపత్రిక ఆఫీసులో అష్ఫాక్ ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, నిన్నటి నాటకం మీద సమీక్ష రాసి పడేయడం, మధ్యాహ్నం ఇంటికి పోయి భోంచేయడం. సమీక్షకు ఎంతోసేపు పట్టదు. నాటకం రక్తి కట్టిందనీ, ప్రేక్షకులు తన్మయులయ్యారనీ, నటీనటులు పోటీపడి నటించారనీ రాస్తే అది ఏ నాటకానికైనా సరిపోతుంది. నాటకం చూడకపోయినా సరిపోతుంది.

ఎడిటర్ రామకోటేశ్వరరావు ఆ కాగితం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమయ్యా, పోయిన వారం నాటకానికీ ఇదే రాశావు కదా?"

"అదీ రక్తి కట్టింది సార్."

"కట్టిందిలే. ఆదివారం పేజీలో నాటకాల కాలమ్ నీకిద్దామనుకున్నాను. ఈ రాతకైతే ఇవ్వను. ఇవాళ సాయంత్రం మైలవరంలో నాటకం ఉంది, వెళ్ళు. విమర్శ రాయడమంటే ముందు చూడ్డం నేర్చుకోవాలి. స్టేజీ మీద ఏదీ ఊరికే జరగదు. ఎందుకు జరిగిందో ఆలోచించి రాయి. నీ వల్ల కాకపోతే చెప్పు, ఇంకొకళ్ళకిస్తాను."

ఆ కాలమ్ కోసం అష్ఫాక్ ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ కాచుకుని ఉన్నాడు. పేజీ మీద తన పేరు, పేరు పక్కన చిన్న ఫొటో. ఫొటో తీయించి సిద్ధంగా పెట్టుకున్నాడు కూడా. స్టేజీ మీద ఏదీ ఊరికే జరగదని మంత్రంలా అనుకుంటూ మైలవరం బస్సెక్కాడు.

నాటకానికి రచన, దర్శకత్వం, కథానాయకుడు అన్నీ బసవపున్నయ్యే. ఆయనకు ఎరువుల కొట్టుంది, యాభై దాటిన వయసుంది. నాటకంలో మాత్రం పాతికేళ్ళ నిరుద్యోగి. భార్యగా వేసింది రామతులసి, గుడివాడ నుంచి వచ్చి ఊరూరా వేషాలు కట్టే నటి. తెర లేచే ముందు బసవపున్నయ్యే మైకు పుచ్చుకుని, "మన హనుమయ్య చేత జనరేటర్ పెట్టించామండీ. ఇవాళ లైట్లు పోయే ప్రసక్తే లేదు" అని హామీ ఇచ్చాడు.

నాటకం సగంలో ఉండగా లైట్లన్నీ పోయాయి. చీకట్లో ధన్‌మని ఏదో ఇనప చప్పుడు. వెంటనే పళ్ళ బిగువున ఆపుకున్న ఒక ఆడగొంతు మూలుగు. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. లైట్లు వెలిగేసరికి భర్త గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భార్య నేల మీద కూలబడింది. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. మామూలుగా అయితే అష్ఫాక్‌కు సంగతి అర్థమయ్యేదే. కానీ లైట్లు పోవని చెప్పారు కదా. పైగా స్టేజీ మీద ఏదీ ఊరికే జరగదు కదా. అతనికి ఒళ్ళు జలదరించింది.

"మాటలు చేయలేని పనిని చీకటి చేసింది. ఆ మూలుగులో తరతరాల స్త్రీ వేదన వినిపించింది" అని అరపేజీ రాశాడు. ఎడిటర్ భుజం తట్టాడు. "ఇలాంటిదే ఇంకొకటి రాయి, కాలమ్ నీదే."

సమీక్ష అచ్చయిన మర్నాడే బసవపున్నయ్య బందరు లడ్డూలతో ఆఫీసుకు వచ్చాడు.

"నా మనసులో ఉన్నది మీరెలా కనిపెట్టారండీ అష్ఫాక్ గారూ? హనుమయ్యకి ఊళ్ళో శాలువా కప్పామండి!"

అక్కడితో ఆగితే బాగుండేది. నూజివీడులో బసవపున్నయ్య రెండుసార్లు లైట్లు ఆర్పించాడు, కంకిపాడులో నాలుగుసార్లు. అది చూసి మిగతా నాటక సమాజాలకూ పూనకం వచ్చింది. ఉయ్యూరులో ధర్మరాజు చీకట్లోనే జూదమాడాడు. పాచికలు ఏమయ్యాయో, రాజ్యం ఎవరికి పోయిందో జనానికి తెలియలేదు.

ఒక మధ్యాహ్నం రామతులసి కుంటుకుంటూ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

"అష్ఫాకంటే మీరేనా బాబూ?"

"అవునమ్మా, కూర్చోండి."

"తరతరాల స్త్రీ వేదనని రాశారంట. అది నా కాలి బొటనవేలు బాబూ! హనుమయ్య డీజిల్ చూసుకోలేదు, లైట్లు పోయినయ్యి, నేను ట్రంకుపెట్టెని తన్నుకున్నాను."

అష్ఫాక్ కలం కింద పెట్టాడు. "మరి ఆయన గోడవైపు తిరిగి..."

"చీకట్లో దారి దొరక్క గోడ పట్టుకున్నాడు. ఆ రాత్రి హనుమయ్యని నోటికొచ్చినట్టు తిట్టి, మీ పేపరు చూశాక శాలువా కప్పాడు. ఇప్పుడేమో ప్రతి చీకట్లోనూ నన్ను ఆ పెట్టెని తన్నమంటున్నాడు. శనివారం విజయవాడ పోటీల్లో ఆరు చీకట్లంట. నాకున్నయి రెండు కాళ్ళు. మీరే ఏదో ఒకటి చెప్పండి బాబూ."

చెబితే కాలమ్ పోతుంది. డీజిల్ అయిపోవడానికీ కళకీ తేడా తెలియనివాడికి ఏ ఎడిటర్ పేజీ ఇస్తాడు? పైగా ఆ పోటీలకు న్యాయనిర్ణేత రామకోటేశ్వరరావే.

శనివారం అష్ఫాక్ ముందు వరుసలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. చీకట్లకు అర్థాలు వెతకడం మానేసి, ఈసారి లైట్లు వెలిగినప్పుడు చూశాడు. బసవపున్నయ్య జనం వైపు తిరిగి ఆవేశంగా డైలాగులు చెబుతుంటే, వెనకాల రామతులసి దండెం మీది అతని చొక్కా తీసుకుంది. చిరిగిన మెడపట్టీ పైకి కనపడకుండా లోపలికి తిప్పి మడత పెట్టింది. అంతే. మైలవరంలోనూ ఆమె ఇదే చేసి ఉంటుంది, తను చూడలేదు. అష్ఫాక్‌కు చెప్పలేనంత సిగ్గేసింది.

నాటకం కాగానే, దాని మీద పత్రికలో సమీక్ష రాసినవాళ్ళను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి రెండు మాటలు చెప్పమనడం ఆనవాయితీ. అష్ఫాక్‌కు శాలువా పడింది, చేతికి మైకొచ్చింది. ఎదురుగా ఎడిటర్, పక్కన కాలికి కట్టుతో రామతులసి. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు.

స్టేజీ మీద ఎవరైనా మాట రాక నిలబడితే లైట్లు ఆర్పెయ్యమని హనుమయ్యకు బసవపున్నయ్య ఇచ్చిన ఉత్తర్వు. ఆర్పేశాడు.

మైకు కూడా పోయింది. చీకట్లో ఎవరి మొహమూ కనపడకపోయేసరికి అష్ఫాక్‌కు ధైర్యం వచ్చింది. గొంతు చించుకుని అరిచాడు.

"నేను రాసింది తప్పండీ! ఆ రోజు డీజిల్ అయిపోయింది! ఆవిడకి కాలికి దెబ్బ తగిలింది, నేను దాన్ని వేదనని రాశాను! నిజమైన నటన ఆ చొక్కా మడతలో ఉంది. ఆ ఒక్క మడతలో ఆ ఇంటి కష్టమంతా ఉంది. నాకు చూడ్డం చేతకాలేదు!"

లైట్లు వెలిగాయి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. బసవపున్నయ్య కళ్ళొత్తుకుంటూ వచ్చి కౌగలించుకున్నాడు.

"ఏం నటనండీ! అచ్చం తప్పు చేసినవాడిలాగే చేశారు!"

"నటన కాదండీ, నిజం!"

"అదీ! ఆ విసురు పోనివ్వకండి. ట్రంకుపెట్టె సీను తీసేసి మీకు ఈ విమర్శకుడి వేషం పెట్టేద్దాం."

రామతులసి కట్టు కట్టిన కాలు చూసుకుని, చేతులెత్తి అష్ఫాక్‌కు దణ్ణం పెట్టింది.

హాలు బయట రామకోటేశ్వరరావు ఆపాడు. అష్ఫాక్ తలవంచుకున్నాడు.

"చీకట్లో అరిచావే, అది పొద్దున్నే కాగితం మీద పెట్టి తీసుకురా. ఇన్నాళ్ళకి చూసింది చెప్పావు. కాలమ్ దాంతోనే మొదలుపెడదాం."

పై ఆదివారం కాలమ్ వచ్చింది. అదే రోజు ఇంకో పత్రికలోనూ ఆ పోటీల మీద సమీక్ష వచ్చింది. విమర్శకుడి పాత్రలో అష్ఫాక్ జీవించాడని రాశారు.